అడవి జోలికి పోను

జూన్ 3
అక్కకూ నాకూ ఉమ్మడిగా ఉన్నది ఒక చిన్న అడవి. చెట్లు ముదిరిపోయాయి. అన్నీ కొట్టించి, దున్నించి, తొందరగా పెరిగే మొక్కలు వేయిద్దామని అక్క పట్టు. ఫారెస్టరు వచ్చి చూశాడు.
"ఏమీ వేయక్కర్లేదండీ. పెద్ద చెట్ల నీడలో వాటి పిల్లలు ఎన్నేళ్ళుగానో వేళ్ళూని ఉన్నాయి. పైన కాస్త ఖాళీ చేసి వెలుగు రానిస్తే అవే లేస్తాయి. మీరు మాత్రం కెలక్కండి."
అక్క నావైపే చూసింది. "వానాకాలం అయ్యేదాకా నువ్వు చేయి పెట్టకుండా ఉంటే అడవి ఉంటుంది. పెట్టావో, దున్నించేస్తా."
ఏమీ చేయకుండా ఉండటం! ఇంత తేలికైన ప్రతిజ్ఞ నా జన్మలో చేయలేదు.

జూన్ 12
కొన్ని చెట్లు కొట్టారు. వెలుగు పడింది. నేను వెళ్ళలేదు. నిగ్రహమంటే నాదే.

జూన్ 15
వెళ్ళాను. కంచె బయటే నిలబడ్డాను. చూస్తే తప్పేముంది?

జూన్ 21
కంచె లోపల. చేతులు వెనక్కి కట్టుకునే. షరతులో కాళ్ళ ప్రస్తావన లేదు.
ఒక మొక్క తెగ నచ్చింది. పచ్చగా, నిటారుగా, చకచకా పెరుగుతోంది. చుట్టూ మోకాలెత్తు కూడా లేని వంకర పుల్లలు.

జూలై 2
దానికి చెంబుడు నీళ్ళు పోశాను. దాహం తీర్చడం జోక్యం కాదు, మర్యాద.

జూలై 9
ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చేయి ఇది. అనవసరమైనది కనిపిస్తే ఊరుకోదు. కొడవలి తీసుకెళ్ళి, నా మొక్క చుట్టూ పుల్లలన్నీ కోసేశాను. చూడముచ్చటగా ఉంది.

జూలై 10
ఫారెస్టరూ అక్కా వచ్చారు. అతను వంగి, కోసిన మొదళ్ళు చూశాడు.
"మీరు కోసినవే చెట్లండీ. ఉంచింది కలుపు."
కోసినవాటిలో కొన్ని, కాలేజీకెళ్ళే అక్క కూతురు పుట్టకముందు మొలిచినవట. అక్క తిట్టినా బాగుండేది. తిట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.
"వేళ్ళు పాతవి, గట్టివి," అన్నాడు ఫారెస్టరు. "మొదళ్ళ నుంచి మళ్ళీ నిటారుగా చిగురిస్తాయి. వంకరవాటిని మేమే ఒక్కోసారి కావాలని కోస్తాం. కానీ ఈసారి నిజంగానే వదిలేయాలి."
అక్క నిట్టూర్చింది. "ఈసారికి దున్నించనులే. విన్నావుగా. అవి లేస్తాయట. నువ్వు కూర్చో."

జూలై 11
మొదటి రోజు. వానాకాలం అయ్యేదాకా అడవి జోలికి పోను. ఇది ఖాయం.
పోనీ, ఆ కలుపు మొక్క ఒక్కటీ పీకేసి రానా అని అడిగాను. అక్క నా చెప్పులు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది.