లెన్సు లోపల గీసిన తేదీ

చిరంజీవి మా కోడలమ్మకి,

అత్తయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ ఆయన, మీ చిట్టిది ముగ్గురం కులాసా. నువ్వు కూడా వేళకింత తింటూ, తలకి ఆ ఇనప టోపీ మరిచిపోకుండా పెట్టుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం మీ పత్రికాఫీసు సంచిలో పదకొండు రోజులు ప్రయాణం చేసి మొన్న మధ్యాహ్నం చేరింది. షాపులో రిపేరు బల్ల మీద కెమెరాలు పక్కకి జరిపి నేను చదివాను, ఇంట్లో మీ ఆయన చదివాడు. తర్వాత చిట్టిదానికి చదివి వినిపించాం, వినిపించదగినంత వరకు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. చిట్టిదానికి ముందుపళ్ళు రెండూ ఊడాయి. మాటలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. మీ ఆయన జడలు వేయడం నేర్చుకున్నాడు. ఒక జడ చెవి దగ్గర మొదలైతే రెండోది మెడ దగ్గర మొదలవుతుంది. "లెక్కల మాస్టారివి, రెండు వైపులా సమానంగా ఉండాలని తెలీదట్రా?" అంటే, "నువ్వు నీ లెన్సులు చూసుకోమ్మా" అన్నాడు. చిట్టిది నిన్ను తలుచుకోని రోజు లేదు. ఏడ్చింది మాత్రం ఒక్కరోజే, అదీ వాడు జడ గట్టిగా లాగినందుకు.

చలికి షట్టరు బద్ధకంగా పడుతోందని రాశావు. లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది. తోచినట్టు నూనె చుక్క వేయకు, కెమెరాని కోటు లోపల ఒంటికి ఆనించి పెట్టుకో, దారికొస్తుంది. వెచ్చటి గదిలోకి వెళ్ళేటప్పుడు సంచీ మూతి బిగించి గంటసేపు అలాగే వదిలెయ్, లేకపోతే అద్దాలకి చెమట పడుతుంది. దుమ్ము పడితే నోటితో ఊదకు. "ఊదితే ఏమవుతుందండీ?" అని నువ్వు మా షాపుకి మొదటిసారి వచ్చినప్పుడే అడిగావు. అప్పటికి నువ్వు కోడలివి కావు, కస్టమరువి. ఇప్పటికీ నాది అదే జవాబు: అద్దం మీద తుంపర పడుతుంది, ఆ తర్వాత బూజు పడుతుంది, ఆ తర్వాత నా చేత తిట్లు పడతాయి.

ఇక నీ ఫొటో సంగతి. భుజం మీద తలుపు మోసుకుంటూ విరిగిన వంతెన దాటుతున్న ఆ పెద్దాయన. మొదటి పేజీలో సగం మేర వేశారు. నేను నాలుగు కాపీలు తెప్పించి, ఒకటి షాపు అద్దానికి లోపలి నుంచి అంటించాను. ఆ రోజు నుంచి రిపేరుకి వచ్చేవాళ్ళకంటే ఆగి చూసేవాళ్ళే ఎక్కువయ్యారు. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు, అదే మనం ఫ్లాషు అని పిలుచుకునే ఆయన, ఫ్లాషు రిపేరుకని వచ్చి అరగంట నిలబడ్డాడు.

"బాగానే ఉందమ్మా. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు కదా!" అన్నాడు.

"నా కడుపున పుట్టింది కాదయ్యా, నా కోడలు. అత్తే మెచ్చుకుందంటే ఎంత బాగుండాలో నువ్వే ఆలోచించుకో" అన్నాను.

ఫ్లాషు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నిజం చెబుతున్నా, ఈ షాపులో కూర్చుని ఇన్నేళ్ళలో నాకంత గర్వం ఎప్పుడూ కలగలేదు. మనింటి మనిషి చూసింది ఊరంతా చూస్తోంది.

కానీ నేను లెన్సుల మనిషిని కదా, ఆ బొమ్మలో ఊరికి కనబడనిది నాకు కనబడింది. వంతెన, దాని వెనక కొండ, కొండ మీద ఇళ్ళు, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టున్నాయి. అంటే పొడుగు లెన్సుతో, చాలా దూరం నుంచి తీశావు. హమ్మయ్య, దూరంగానే ఉంది అనుకున్నాను. ఆ పూట కడుపు నిండా తిన్నాను కూడా.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "అందరూ మెచ్చుకుంటున్నారు అత్తయ్యా, కానీ ఆ తలుపు ఎక్కడికి మోసుకెళ్తున్నావు తాతా అని అడిగేంత దగ్గరలో నేను లేను" అని రాశావు. ఆ కిందే, ఏదో హాస్యంలా, ఇంకో నాలుగు లైన్లు. గోడ వెనక నుంచి నువ్వు పొడుగుది పైకెత్తగానే రోడ్డవతల సిపాయి దాన్ని తుపాకీ అనుకున్నాడనీ, తన తుపాకీ నీ వైపు తిప్పాడనీ, మీ జీపు డ్రైవరు "కెమెరా! కెమెరా!" అని గొంతు చించుకుంటే నువ్వు దాన్ని నేల మీద పెట్టి చేతులెత్తావనీ. "పాపం, తర్వాత అతనే టీ ఇచ్చాడు. చేతిలో మన పొట్టి లెన్సు ఉంటే ముందే దగ్గరికెళ్ళి పలకరించి ఉండేదాన్ని. ఇంకొకరిది అరువు తీసుకుంటే నా వేళ్ళకి పడదు. మనదానికి వేయాల్సిన ఆ రింగు ఇంకా దొరకలేదా అత్తయ్యా?" అని అడిగావు.

అన్నిటికీ జవాబు రాశాను, ఈ ఒక్కదానికే ఇంతసేపు రాయలేదు. నా నోటితో నేనే చెప్పాలి కనక చెబుతున్నాను. రింగు ఎప్పుడో దొరికింది తల్లీ.

నువ్వు సెలవులకి వచ్చినప్పుడు, మెట్ల మీద పడి సొట్టపోయిన పొట్టిదాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళావు కదా. నువ్వెళ్ళిన తొమ్మిదో రోజుకే బాగుచేశాను. నా సొరుగులో ఉన్న పాత లెన్సు నుంచి ఇత్తడి రింగు ఊడదీసి బిగించాను, వెన్నలా తిరిగింది. పంపడానికి పొట్లం కూడా కట్టాను. అప్పుడు బుద్ధి వక్రించింది. పొట్టిదానితో మనిషి మొహం తీయాలంటే చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్ళాలి. పొడుగుది ఒక్కటే ఉంటే రోడ్డుకి ఇవతలే ఉండిపోతావనుకున్నాను. పొట్లం విప్పి లెన్సుని బీరువాలో పెట్టి, రింగు దొరకలేదని రాశాను. ఒక అబద్ధానికి తోడుగా ఇంకొకటి కావాలి కదా, పాత సామాన్ల వ్యాపారికి చెప్పి ఉంచానని మళ్ళీ రాశాను. నాలుగు నెలలు గడిచాయి. షాపులో ఎవరు రింగు మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. నిన్ను దూరంగా ఉంచాలని నేను చేసిన పనే నిన్ను తుపాకీ ఎదుట నిలబెట్టింది.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. రింగు ఇప్పుడే దొరికిందని రాసి పంపేస్తే నీకు తెలిసేది కాదు. అలా చేద్దామనే అనుకున్నాను. కానీ మా గురువుగారు నేర్పిన పద్ధతి ఒకటుంది: లెన్సు మూసే ముందు లోపలి గొట్టం మీద సూదిమొనతో ఆ రోజు తేదీ గీయాలి. మళ్ళీ విప్పేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనబడదు. నాలుగు నెలల కిందటి తేదీ చెరిపేద్దామని నిన్న పొట్టిదాన్ని విప్పాను. సూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నలభై ఏళ్ళలో నేను గీసిన తేదీల్లో ఒక్కటీ తప్పుది లేదు. కోడలికి అబద్ధం చెప్పగలిగాను గానీ, లెన్సుకి చెప్పలేకపోయాను. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది ఇదే. ఆ తేదీ అలాగే ఉంచి మూసేశాను.

మీ ఆయనకి కూడా చెప్పాను. "నేనైనా అదే చేసేవాణ్ణేమో అమ్మా. కానీ నువ్వు తనకి చెప్పాలి" అని లేచివెళ్ళి, పొట్లానికి గుడ్డ ముక్కలు తనే తెచ్చి ఇచ్చాడు.

పొట్టిది ఈ ఉత్తరంతో పాటే వస్తోంది. మెరిసే చోట్లన్నీ నల్ల టేపు చుట్టాను. ముందు గాజు ఫిల్టరు కొత్తది వేశాను, దెబ్బ తగిలితే అది పగులుతుంది, లెన్సు నిలుస్తుంది. రింగు నీ వేళ్ళకి అలవాటైనంత బిగువుగానే పెట్టాను. అత్త మంచీ వేము తీపీ లేవంటారు, నా విషయంలో ఆ మాట నిజమేనని నువ్వనుకున్నా నేనేమీ అనను. కోపం తీరేదాకా తిట్టు, నాలుగు పేజీలు నిండినా సరే, అన్నీ చదువుతాను.

కానీ నువ్వు దగ్గరికే వెళ్ళు తల్లీ. మనుషుల్ని పలకరించగలిగిన దానివి, నిన్ను రోడ్డవతల నిలబెట్టే హక్కు నాకు లేదు. ఇకమీదట నీ సామానులో ఏది సిద్ధమైతే అది ఆ రోజే బయలుదేరుతుంది. భయం ఒక్కటే నా దగ్గర ఉంచుకుంటాను. అది నా సామాను.

ఇట్లు,
నిన్ను చూసి గర్వపడే
నీ అత్తయ్య