మా నెట్‌లో నాలుగోవాడు

జూన్ 3

ఆళ్లగడ్డ ఆఫీసులో నా పక్క సీటు భరణి నా కొత్త ఫోన్లో ఒక యాప్ ఎక్కించాడు. మన ఇంటి వైఫై ఎవరెవరు వాడుతున్నారో ఎక్కడున్నా అందులో కనిపిస్తుందట. సాయంత్రం నంద్యాల చేరి, ఇంట్లో బూట్లు కూడా విప్పకుండా తెరిచాను. టీవీ, లూదియా ఫోన్, సిరి ల్యాప్‌టాప్. నా టీవీ, నా భార్య, నా కూతురు. బాగుంది. ఆ కింద నాలుగోది. అన్‌నోన్ డివైస్.

ఎవడు వీడు? ఈ దేవసహాయం కొంపే దొరికిందా వీడికి?

జూన్ 4

నెట్ ఎందుకు నత్తలా నడుస్తోందో ఇప్పుడు అర్థమైంది. పాస్‌వర్డ్ ఎలా బయటపడిందో కూడా కనిపెట్టాను. కొత్త సంవత్సరం ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దానం కార్డు మీది బైబిల్ వాక్యం నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టాను, మరిచిపోకుండా. ఆ కార్డుకి ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించిందీ నేనే. దొంగకి తాళంచెవి మేకుకు తగిలించినట్టు.

హాల్లోకి వచ్చి కూర్చునే వాళ్ళెవరు? పై గదిలో అద్దెకున్న మహానందమ్మ, ఆమె కూతురు ఉషశ్రీ. ఆ పిల్ల డీఎస్సీకి చదువుతోంది, పరీక్ష వచ్చే నెల. పొద్దస్తమానం చేతిలో ఫోనే. సాయంత్రమైతే మిద్దె మీద, సరిగ్గా మా రౌటర్ ఉన్న గోడకు పైన వచ్చి నిలబడుతుంది. ఇన్నాళ్ళూ గాలికేమో అనుకున్నాను.

జూన్ 5

మధ్యాహ్నం ఆఫీసులోంచే యాప్ చూశాను. వాడు లేడు. మళ్ళీ చూశాను, లేడు. ఇంటికొచ్చి గేటు తీశానో లేదో, ప్రత్యక్షం.

నా బస్సు టైము కూడా తెలుసు వీడికి.

జూన్ 7, ఆదివారం

చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికి రాగానే పాస్‌వర్డ్ మార్చాను. మా ఇద్దరి ఫోన్లలో, సిరి ల్యాప్‌టాప్‌లో, టీవీలో నేనే స్వయంగా కొట్టాను. నిమిషం తిరక్కుండా అన్‌నోన్ డివైస్ వచ్చి కూర్చుంది. అంటే ఇంట్లోంచే అందుతోంది.

లూదియాను నిలదీశాను. ఆ పిల్లకు సొంత సిమ్ముంది, సిగ్నల్ కోసరం మిద్దెక్కుతాంది, మన నెట్టుతో దానికేం పని, నీకేమన్నా దయ్యం పట్టిందా ఏంది అని కసిరింది. వకాల్తా పుచ్చుకునేవాళ్ళ మీదే నాకు ముందు అనుమానం.

జూన్ 9

పైకి పోయి అడిగేశాను. ఉషశ్రీ తన ఫోన్ నా ముందు పెట్టి, చూసుకోండి సార్ అంది. నేను ముట్టలేదు. దొంగ చూపించే ఫోన్లో దొంగసొత్తు ఉంటుందా?

మహానందమ్మ ఏడ్చింది. మా ఇంటాయన అంగడి నడిపినన్నాళ్ళూ ఒకరి సొత్తు ముట్టలేదప్పా, పరీక్ష అయ్యేదాకన్నా ఉండనీ, పిల్లను పట్టుకొని ఇప్పుడు యాడికి పోయేది అంది. నెలాఖరుకి ఖాళీ చేయమని చెప్పి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు తప్పాను. కోపానికే.

జూన్ 10

రోజూ పొద్దున టిఫిన్‌కని పైనుంచి వచ్చే ఉగ్గాని గిన్నె ఇవాళ రాలేదు. మంచిదే.

జూన్ 20, సాయంత్రం 7 గంటలు

నెలాఖరు దాకా కూడా ఆగలేదు వాళ్ళు. దొర్నిపాడులో చుట్టాల ఇంటికి పోయారు. ఆటోలో సామాన్ల కంటే పుస్తకాలే ఎక్కువ. అక్కడి నుంచి ఆ పిల్ల కోచింగ్‌కి ఎట్లా వస్తుందో అని లూదియా గోడకి చెప్పినట్టు చెప్పింది. సిరి గేటు దాకా పోయి వచ్చింది. నేరుగా తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

పీడ విరగడైందనుకుని యాప్ తెరిచాను. వాడు అక్కడే ఉన్నాడు.

జూన్ 21, ఆదివారం

ఈసారి కొత్త పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. లూదియాకు లేదు, సిరికి లేదు, టీవీకీ లేదు. నా ఒక్క ఫోన్లోనే కొట్టాను. లిస్టు తెరిచాను. అందరూ పోయారు. మిగిలింది ఒకే ఒక్కటి, అన్‌నోన్ డివైస్.

గట్టిగా కేకేశాను. లూదియా వచ్చి నా ఫోన్ లాక్కుని అందులో వైఫై ఆపింది. లిస్టు ఖాళీ. వైఫై వేసింది. అన్‌నోన్ డివైస్. మళ్ళీ ఆపింది, మళ్ళీ వేసింది. ఈడ నువ్వు గాక ఇంకెవురున్నారో చెప్పు అంది. ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

చూసేది నా ఫోన్. చూసేదాన్ని లెక్కలో వేసుకోవాలని ఇన్ని రోజులూ నాకు తట్టనేలేదు.

జూన్ 22

కొన్ని కొత్త ఫోన్లు పేరు చెప్పవు సార్, మనమే పెట్టుకోవాలి, నేను చెప్పలేదా అన్నాడు భరణి. చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. సిగ్గుతో సాయంత్రం దాకా ఎవరి మొహమూ చూడలేకపోయాను.

జూన్ 23

సెలవు పెట్టి దొర్నిపాడు పోయాను. మహానందమ్మ కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, వద్దంటున్నా ఉగ్గాని పెట్టింది. తప్పు నాదేనన్నాను. పరీక్ష అయ్యేదాకా అద్దె కూడా వద్దు, గదికి రమ్మన్నాను. ఆమె నా ప్లేటు తీసి పక్కన పెట్టింది. తర్వాత, మీరు మంచోళ్ళే గానీ, మళ్ళా మేము ఎప్పుడు దొంగలమైతామో ఏందో, ఈడనే ఉంటాం లేప్పా అంది.

ఉషశ్రీ మిద్దె మీద ఉంది, సిగ్నల్ కోసం. నేనున్నంతసేపూ కిందికి దిగలేదు.

జూన్ 24

యాప్‌లో పేరు మార్చే చోటు దొరికింది. అన్‌నోన్ డివైస్ కొట్టేసి దేవసహాయం అని పెట్టాను. లిస్టులో ఇంకా అతనొక్కడే ఉన్నాడు. కొత్త పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరూ అడగలేదు.