కాలిన్ గారి రాతి చేప

హామిల్టన్

అన్నయ్యకు, నీ చెల్లి సునీత ప్రేమతో రాస్తున్నాను. దేవుని దయవల్ల ఇక్కడ నేను క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారా? నా గురించి బెంగ వద్దు. చలి ముదిరింది, రెండు స్వెటర్లు వేసుకుంటున్నాను, వేళకు తింటున్నాను.

ఫోన్లో అయితే ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడికి ఖాళీ సమాధైనా కట్టించి ప్రార్థన పెట్టిద్దామని నువ్వడిగిన ప్రతిసారీ వద్దన్నాను. సముద్రం మీద వేటకెళ్ళి మూడేళ్ళైనా శవం దొరకలేదు కదా, ఎక్కడో ఉన్నాడేమోనని నీతో పోట్లాడాను.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో కాలిన్ గారని ఒక రైతు ఉన్నారు. పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రాదు. ఆయన కిటికీలో మూరెడు రాయి, అందులో ఒక చేప. దవడ, పళ్ళు, పక్కన కాస్త పొలుసు. పాకీరైజోడస్ అట. డైనోసార్ల నాటిది, ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేదు. పోయిన వారం దుమ్ము తుడుస్తూ, ఏదో ఆలోచనలో, గోటితో తోక వైపు నుంచి తలకేసి గీకేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపలు బాగుచేసిన చేతులు కదా! ఒక పొలుసు ఊడి వచ్చేసింది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

ఆయన నవ్వేశారు. "ఇన్ని కోట్ల ఏళ్ళకి దీన్ని కూరకి బాగుచేసినదానివి నువ్వే," అన్నారు. తర్వాత మెల్లగా, "ఇది చచ్చినప్పుడు ఎవరూ చూడలేదు. అడుక్కి పోయింది, బురద కప్పింది. అంతే," అన్నారు.

ఆ మాట నన్ను వదలడం లేదు. కళ్ళు మూస్తే బురదలో తమ్ముడే. కారు డ్రైవ్ చేస్తుంటే పక్క సీట్లోంచి తడి వల వాసన. పక్క ఫ్లాట్ లీలా ఆంటీ, "సందువా చేప పులుసెట్టానే, రెండు ముద్దలు తినెల్లు," అంటే గుమ్మంలోనే కక్కుకున్నాను. నాకు భయంగా ఉంది అన్నయ్యా. మనం మట్టి వేస్తామని వాడు ఎదురుచూస్తున్నట్టుంది.

సమాధి కట్టించు. నాకు సెలవు దొరకదు, ప్రార్థన వీడియోలో చూస్తాను. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన చేతి కారప్పొడి పంపించండి. అమ్మకు, పాస్టర్ గారికి వందనాలు, పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థించండి.

సమాధి రాయి మీద ఏ తేదీ వేయాలని అడిగావు. వాడు బయల్దేరిన రోజు కాదు, మర్నాడు వేయించు. ఆ రోజు పొద్దున పడవ మీద నుంచి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్నానని రెండుసార్లూ కట్ చేశాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు.

నీ చెల్లి,
సునీత