అక్క పక్కన ఎనిమిది కిలోమీటర్లు

మార్చి 3, సోమవారం

నిన్న అక్క వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టింది. ఏప్రిల్ 20న ఊరి బయట క్రాస్ కంట్రీ పరుగు. ఎనిమిది కిలోమీటర్లు. తన పేరు ఇస్తానంటోంది.

అక్కకి యాభై రెండేళ్లు. పోయిన ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో రెండు నెలలు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక కూడా మంచం నుంచి కిటికీ దాకా నడవాలంటే మధ్యలో ఒక కుర్చీ వేయాల్సి వచ్చేది. ఇప్పుడు రోజూ నడుస్తోంది, మధ్యమధ్య పరిగెడుతోంది. పోటీకి వెళ్లవచ్చని డాక్టరమ్మ ఒప్పుకుంది. పక్కన తోడు ఉంటే మేలని కూడా చెప్పిందట.

"మధ్యలో ఊపిరి అందకపోతే ఒక్కదాన్నే ఏం చేస్తానురా?" అంది అక్క.

"చివరి అడుగు దాకా నీ పక్కనే ఉంటాను" అన్నాను. అక్క వెంటనే కాగితం మీద తన పేరు రాసేసింది.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. నాకు నలభై ఆరు. కళ్లజోళ్ల దుకాణం. రోజంతా స్టూలు మీద కూర్చుని ఫ్రేములకు అద్దాలు బిగించడమే పని. చివరిసారి పరిగెత్తింది బస్సు కోసం. బస్సే గెలిచింది.

ఏడు వారాలుంది. చాలు. ఇంకా మిగులుతుంది.

మార్చి 4, మంగళవారం

అదృష్టం. రిటైరైన డ్రిల్లు మాస్టారు చదువుకునే అద్దాల కోసం దుకాణానికి వచ్చారు. నంబరు చూస్తూనే ప్రశ్నలు అడిగేశాను. జవాబులు ఇవి:

క్రాస్ కంట్రీ అంటే? రోడ్డు ఉండదు. గడ్డి, బురద, గట్లు, ఎత్తుపల్లాలు. గడియారం కంటే నేలను ఎక్కువ చూసుకోవాలి.

ఊపిరి ముక్కుతోనా, నోటితోనా? రెండింటితోనూ. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతోనే వెళ్లాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు.

మధ్యలో నడవవచ్చా? నిక్షేపంగా.

బూట్లు? అడుగున పట్టు ఉన్నవి. పోటీ రోజున కొత్తవి తొడగకూడదు.

వారానికి ఎన్ని రోజులు? మొదట్లో మూడు, నాలుగు. మిగతా రోజులు విశ్రాంతి. విశ్రాంతి కూడా సాధనలో భాగమే.

చివరి జవాబు కింద రెండు గీతలు గీశాను.

మార్చి 5, బుధవారం, ఉదయం 6:40

పరిగెత్తాను!

5:30కి లేచాను. వీధి చివరి లాండ్రీ దాకా ఒకే ఊపు. అక్కడి నుంచి పార్కు గేటు దాకా నడక. పార్కులో మళ్లీ మూడు నిమిషాలు పరుగు. ముందు ఒక పెద్దావిడ కుక్కతో వెళ్తోంది. కుక్క కూర్చుండిపోయింది కాబట్టి ఇద్దరినీ దాటగలిగాను. మొత్తం 1.2 కిలోమీటర్లు. మొహం మండుతోంది, మనసు మాత్రం గాల్లో ఉంది.

అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. కొంచెం తగ్గినట్టే ఉంది. మా ఆవిడ కూడా చూసి, టీషర్టు వెనకా ముందూ తిప్పి వేసుకున్నానని చెప్పింది.

మార్చి 7, శుక్రవారం

1.8 కిలోమీటర్లు. పక్కటెముకల కింద పోటు వచ్చింది. మాస్టారికి ఫోన్ చేశాను. వేగం తగ్గించి, నొప్పి ఉన్న చోట చేత్తో నొక్కుతూ నిదానంగా ఊపిరి వదలమన్నారు. తిని ఎంతసేపయిందని అడిగారు. రెండు అరటిపళ్లు, నాలుగు బ్రెడ్డు ముక్కలు తిని పది నిమిషాలకే బయల్దేరాను. ఆ సంగతి వినగానే ఇకమీద తిన్నాక రెండు గంటలు ఆగమన్నారు.

మార్చి 9, ఆదివారం

విశ్రాంతి. సాధనలో భాగం.

మార్చి 12, బుధవారం

వాన. పోటీ బురదలోనే కదా, వెళ్లవచ్చు. కాని బూట్లు తడిస్తే రేపటికి ఆరవు. రేపటి పరుగు కోసం ఈరోజు త్యాగం చేశాను.

మార్చి 13, గురువారం

నిన్నటి త్యాగం వల్ల ఒళ్లు బద్ధకంగా ఉంది. విశ్రాంతి.

మార్చి 18, మంగళవారం

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తను నాలుగు కిలోమీటర్లు పూర్తి చేసిందట. మూడుసార్లు ఆగానని చెప్పింది. గొంతులో ఎంత సంతోషమో. నువ్వెంత పరిగెత్తావని అడిగింది.

ఈ వారం నేను పరిగెత్తింది సున్నా. కౌంటరు మీద ఎవరో ఐదో నంబరు లెన్సు పెట్టి వెళ్లారు. అదే నోటికొచ్చింది.

"ఐదు" అన్నాను.

"మా నాయనే" అంది అక్క.

రేపటి నుంచి ఆ ఐదు నిజం చేయాలి. తప్పకుండా.

మార్చి 26, బుధవారం

అక్కకి చెప్పిన కిలోమీటర్లు ఇప్పటికి ముప్పై ఒకటి. పరిగెత్తినవి నాలుగున్నర. అందులో ఒక కిలోమీటరు బ్యాంకుకి నడిచి వెళ్లింది.

మా ఆవిడ అంతా వింటూనే ఉంది. ఈరోజు ఫోన్ పెట్టగానే నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వదిన మిమ్మల్ని నమ్ముకుని పేరిచ్చింది. చేతకాకపోతే చేతకాదని చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. ఇంకా మూడు వారాల పైనే ఉంది కదా అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్చి 27, గురువారం

5:30కి లేచాను. బూట్లు తొడిగాను. లేసు కట్టుకుంటూ సోఫాలో వెనక్కి వాలాను. మెలకువ వచ్చేసరికి 8:15.

ఏప్రిల్ 5, శనివారం

రేపు ఇద్దరం కలిసి పరిగెడదామంది అక్క. చీలమండ బెణికిందని చెప్పాను. ఏ కాలని అడుగుతుందని అనుకోలేదు. ముందు కుడి అన్నాను, తర్వాత ఎడమ అన్నాను. రెండూనా, జాగ్రత్తరా అని కంగారు పడింది. సాయంత్రం ఆటోలో వచ్చి నొప్పుల మందు ఇచ్చి వెళ్లింది.

ఆ సీసాను చూస్తూ కూర్చోలేక బీరువాలో పెట్టేశాను.

ఏప్రిల్ 13, ఆదివారం

ఏడు రోజులే ఉంది. పోయింది మొత్తం ఒక్కరోజులో రాబట్టాలని ఆరు కిలోమీటర్లకి బయల్దేరాను. రెండున్నర దగ్గర మోకాళ్లు మొరాయించాయి. పార్కు బెంచీ మీద నుంచే మాస్టారికి ఫోన్. ఒక్క వారంలో ఎనిమిది కిలోమీటర్ల దమ్ము ఎలా వస్తుంది?

రాదన్నారు. వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకోవాల్సింది, ఇప్పుడు తొందరపడితే కాళ్లు చెడతాయని చెప్పారు. మీ అక్కగారికి నిజం చెప్పారా అని కూడా అడిగారు. బస్సు శబ్దంలో వినపడనట్టు ఊరుకున్నాను. బస్సేమీ లేదు.

ఏప్రిల్ 19, శనివారం, సాయంత్రం

నిజం చెప్పేద్దామని అక్కకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ అక్కే ముందు మాట్లాడింది. నీటి సీసా మర్చిపోకు. గోళ్లు కత్తిరించుకో. నువ్వున్నావు కాబట్టి నాకు భయం లేదు.

చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 20, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్న 7:00. గడ్డి మైదానం, దూరంగా ఒక గుట్ట, రెండొందల మంది జనం. అక్క పసుపు టోపీ పెట్టుకుంది. నా కోసం నువ్వు వేగం తగ్గించుకోవాల్సి వస్తుందేమోనని మొహమాట పడింది. నేను వంగి బూటు లేసు మళ్లీ కట్టుకున్నాను.

మొదటి కిలోమీటరు ఎలాగో గడిచింది. రెండోదానికి నా మాట తెగింది. అక్క మాత్రం కబుర్లు చెబుతూనే ఉంది. మూడో కిలోమీటరులో గుట్ట ఎక్కుతుంటే పక్కటెముకల కింద కత్తి దిగినట్టయింది. బాట పక్కన ఒక దుంగ ఉంటే దాని మీద కూలబడ్డాను. అక్క ఆగింది. చీలమండేనా అంది. నా కాలు పట్టి చూడబోయింది.

"కాలుకి ఏం కాలేదక్కా. ఎప్పుడూ ఏం కాలేదు. నేనసలు పరిగెత్తనే లేదు. ఫోన్‌లో చెప్పినవన్నీ అబద్ధాలు."

అక్క నా పక్కన కూర్చుంది. చాలామంది మమ్మల్ని దాటి వెళ్లారు. నెల రోజులు నేను పడ్డ భయమంతా ఆ మౌనం గురించే. అది నిజంగా వచ్చేసరికి నేను అనుకున్నదానికంటే కష్టంగా ఉంది.

"నువ్వు చివరిదాకా రాలేవని తెలిస్తే నేను పేరే ఇచ్చేదాన్ని కాదురా" అంది చివరికి.

 ప్రతి కిలోమీటరుకీ నీళ్లు పట్టుకుని మనుషులున్నారని, నువ్వు వెళ్లగలవని, పొద్దుట్నుంచీ నీ మాట ఒక్కసారి కూడా తెగలేదని మాత్రం చెప్పాను. అది నేను కళ్లారా చూసిన నిజం. అక్క గుట్ట వైపు చూసింది. టోపీ సర్దుకుంది.

"నీ సంగతి తర్వాత చూస్తాను" అని లేచింది.

చిన్న చిన్న అడుగులతో గుట్ట ఎక్కి అవతలికి దిగింది. నేను పైదాకా పాక్కుంటున్నట్టు నడిచి చూశాను. కింద పొలం గట్టు మీద పసుపు టోపీ ఒంటరిగా వెళ్తోంది. ఉన్నట్టుండి ఆగింది. అక్క ముందుకి వంగి, అలాగే ఉండిపోయింది.

అప్పుడు పరిగెత్తాను. పోటు లేదు, మోకాళ్లు లేవు, ముక్కా నోరా అన్న ఆలోచన లేదు. గుట్ట దిగువ దాకా పరిగెత్తాను. ఈ ఏడు వారాల్లో నేను పరిగెత్తిన అసలు పరుగు అదొక్కటే.

అక్క నిటారుగా నిలబడింది. బూటులో రాయి పడితే తీసుకున్నానని తర్వాత చెప్పింది. నన్ను చూసి, వద్దు, నెమ్మదిగా రమ్మని చెయ్యి ఊపి సాగిపోయింది. నేను బురదలో కూర్చుండిపోయాను.

అక్క గంటా పద్నాలుగు నిమిషాల్లో పూర్తి చేసింది. నేను రెండు గంటలు దాటాక చేరాను. అప్పటికి బాట వెంట కట్టిన తాళ్లు చుట్టేస్తున్నారు. అక్క తాళ్లు చుట్టే ఆయన్ని బతిమాలి, ముగింపు గీత దగ్గరి తాడు ఒక్కటి ఉంచమందట. నేను గీత దాటాక నా వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది. తర్వాత నీళ్లిచ్చింది.

ఏప్రిల్ 21, సోమవారం

మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. మా ఆవిడ ముందు నవ్వింది, తర్వాత చెయ్యి పట్టుకుని దింపింది.

కొత్త పేజీ. కొత్త నిర్ణయం. వారానికి మూడు రోజులు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, పదిసార్లు. నొప్పులు తగ్గాక గురువారం మొదలు. అక్టోబరులో ఇంకో పోటీ ఉంది. అక్క మా ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది, నన్ను అడగలేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఈరోజు ఎంత పరిగెత్తావురా?"

"మంచం నుంచి గుమ్మం దాకా. అది కూడా నడకే."

అక్క నవ్వింది. చాలాసేపు నవ్వింది. పోయిన ఏడాది అంత నవ్వితే దగ్గు తెర వచ్చి నవ్వు మధ్యలోనే ఆగిపోయేది. ఈరోజు ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ నవ్వు దానంతట అది అయిపోయేదాకా విన్నాను.