నా కుడిచెయ్యి చేసిన పని

ప్రియమైన ఎర్మెలిందాకు,

ప్రభువు కృపవల్ల నేనూ, అమ్మా, నువ్వు వదిలివెళ్ళిన రెండు మేకలూ క్షేమం. లిస్బన్‌లో మీ అక్క ఇంట్లో నువ్వూ, నీ కడుపులోని బిడ్డా అలాగే ఉన్నారని తలుస్తాను. దగ్గు తగ్గిందా అని అడిగావు. సీసా మూతలకి బెండు కోసే కొట్టులో ఆ పొడి ఉన్నంతకాలం తగ్గదు. ప్రసంగానికి మాత్రం గొంతు బాగానే లేస్తోంది.

ఇక కర్నల్ గౌదెన్సియు గారి ఎన్నిక సంగతి. రెండుసార్లు అడిగావు, రాయక తప్పదు. ఆయన్ని ప్రసంగాల్లో ఎంత తిట్టానో నీకు తెలుసు. ఆఫ్రికా యుద్ధాల్లో కాలు పోగొట్టుకున్నంత పనై వచ్చి, పొలాల్లోని పాత సమాధి రాళ్ళు తవ్వి, అవి నోవహు జలప్రళయం కంటే ముందువని పుస్తకాలు రాసినవాడు. దేవుడున్నాడో లేడో రాళ్ళు తనకు చెప్పలేదంటాడు. అయినా పాదిరీ చేత బాప్తిస్మం పొందని బిడ్డ పేరు కూడా ప్రభుత్వ పుస్తకంలో ఎక్కాలని పార్లమెంటులో లేచి అడిగింది ఆయనొక్కడే. మన బిడ్డ కోసమే అనుకో. క్రీస్తు పేరు చెప్పేవాళ్ళు మనల్ని రాళ్ళతో కొడతారు, అవిశ్వాసి వచ్చి అడ్డం నిలబడతాడు. ఇదేమి విడ్డూరం? నాకు పాలుపోలేదు.

ఓట్ల పెట్టె ఎప్పటిలాగే పాదిరీ గారి పెద్ద గుడిలో పెట్టారు. పాదిరీల మతం విడిచిననాడే ఆ గడప తొక్కనని ప్రమాణం చేసినవాణ్ణి. దానియేలు అన్యరాజు కోటలో లేడా అని చెప్పి, మన సంఘం మగవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎలా చెప్పను ఎర్మెలిందా! గడప దాటగానే నా చెయ్యి తనంతట తానే పవిత్రజలం తొట్టిలో వేళ్ళు ముంచి, నుదుటా గుండెలమీదా సిలువ గుర్తు వేసేసింది.

"చూశారా, గొర్రె దొడ్డికొచ్చేసింది!" అని గంటలు కొట్టేవాడు పకపకా నవ్వాడు.

"మమ్మల్ని ఇందుకా అన్నా లాక్కొచ్చావు?" అన్నాడు కమ్మరి బల్తజార్. వాడు వెనక్కి తిరిగాడు. వాడి వెనకే అందరూ. మనవాళ్ళ ఓట్లు పడి ఉంటే గెలిచేవారు. కర్నల్ ఓడిపోయారు.

కుడిచెయ్యి అడ్డమొస్తే నరికెయ్యమన్నాడు ప్రభువు. బెండు కత్తి తీశాను. తీసిందీ ఆ చెయ్యే!

మర్నాడు కర్నల్ కుంటుకుంటూ మనింటికే వచ్చారు.

"ఏమయ్యా బోధకుడా, తిండి మానేశావట?"

"నా మూలంగానే గదండీ ఓడిపోయారు."

"నాకో ముసలి గుర్రం ఉండేదిలే. పటాలం నుంచి తీసేశాక బండికి కట్టాం. ఎక్కడ బాకా వినబడినా సరే, బండితో సహా పోయి వరసలో నిలబడేది. దాన్ని ద్రోహి అంటామా? నేను మళ్ళీ పోటీ చేస్తా. నువ్వు మాత్రం ఈసారి చేతులు జేబులో పెట్టుకుని రా!"

అమ్మ పెట్టిన క్యాబేజీ సూపు రెండోసారి అడిగి మరీ తాగి వెళ్ళారు.

ఆ తర్వాత సత్యవేదం తెరిస్తే కోరెషు అనే అన్యరాజు కథ దగ్గర తెరుచుకుంది. తనను ఎరుగని ఆ రాజునే దేవుడు పేరుపెట్టి పిలిచి, అతని చేత తన జనాన్ని విడిపించుకున్నాడు. చదివినకొద్దీ తికమక పెరిగిందే గాని తగ్గలేదు. మగబిడ్డ పుడితే గౌదెన్సియు అని పెడదామా? అది పాపమో, కృతజ్ఞతో నువ్వే చెప్పాలి. ఆ పేరు ఎక్కించే పుస్తకం ఈ దేశంలో ఇంకా లేదు. అందాకా మన వేదం మొదటి పేజీలో రాసుకుందాం. రాసేది మాత్రం నువ్వు. నా చెయ్యిని నేనిక నమ్మను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న పెనిమిటి,
జెరోనిము