చెంచా మగవాడేనా?

ఇందుమూలంగా మన వంటింట్లోని యావన్మంది చెంచాలకు తెలియజేయడమేమనగా, ఈ రోజు నుంచి మీరు మగవారు. ఫోర్కులు ఆడవారు. చాకులు ఏ పక్షమూ కాదు.

అమ్మడూ, జర్మన్ భాషలో ఇంతేనని నువ్వు రాసిన ఉత్తరం మీ నాన్నకు చదివి వినిపించింది నేనే. నాదే బుద్ధితక్కువ.

"ఆర్నెల్లు కాలేజీకెళ్ళి నేర్చుకున్నది ఇదా? క్లాసులెగ్గొట్టి కోతలు కోస్తోందోయ్. అచ్చం మేనమామ పోలిక! ఆదివారం వెళ్ళి చదువు మాన్పించి తీసుకొచ్చేస్తా" అంటూ నావంక గుర్రుగా చూసి అటక మీంచి సంచీ దింపాడు. మీ అమ్మ బిక్కమొహం వేసింది.

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే. నా చేతుల్లో పెరిగినదానివి, నాకే టోపీ పెడుతున్నావేమోనని. అయినా నిన్ను వెనకేసుకొచ్చాను. మన గిన్నెల కొట్టుకి వచ్చిన జర్మన్ ఇంజనీరు సమయానికి గుర్తొచ్చాడు.

"బావా, చెంచా చూపించి అడిగాను. మగవాడేనని ఒట్టేసి చెప్పాడాయన."

"మరి ఫోర్కో?" మీ నాన్న గుచ్చి గుచ్చి అడిగాడు.

"పరాయి ఆడవాళ్ళ సంగతి నాకెందుకని అడగలేదు."

మీ నాన్న నవ్వాపుకోలేక సంచీ మళ్ళీ అటకెక్కించాడు. కానీ ఆదివారం ఆ ఇంజనీరుని భోజనానికి తీసుకురమ్మన్నాడు, దగ్గరుండి అడుగుతాడట.

అందుకే తిరుగు టపాలో ఒక్క ముక్క నిజం రాయి. మన కొట్టుకి ఏ ఇంజనీరూ రాలేదు. ఆయన్ని నేనే పుట్టించాను. నీ చెంచా కూడా అలా పుట్టినవాడు కాదు కదా?