ఆసిల్లోస్కోపు మీది గోళ్ల రంగు

ఎలీషా,
ఫ్యాక్టరీకి పోతున్నాను. నేను వచ్చేదాకా ఆ పాత ఆసిల్లోస్కోపును ముట్టుకోకు. తుడవకు, జరపకు, దాని మీద చేతులుంచి ప్రార్థన కూడా చేయకు.

నిన్న మనింట్లో ప్రార్థన కూడికకు పాస్టరమ్మ వస్తుందని దాని మీది గోళ్ల రంగంతా థిన్నర్ పోసి తుడిచావట. అవ్వ చెప్పింది. "మన సంఘంల ఆడోళ్లు గోళ్లకు రంగేస్తరా? అక్క ఇజ్జత్ తీస్తాంది" అన్నావట. నా గోళ్లు ఎప్పుడైనా చూశావా నాయనా? మసి తప్ప వాటికి ఏ రంగూ లేదు.

అది టీవీ కాదు. కరెంటు ఎట్లా నడుస్తుందో తెర మీద గీతగా చూపే మిషన్. దానికి పుస్తకం లేదు, గుండీల మీద పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. ఒక్కో గుండీ తిప్పి, గీత ఎటు కదిలిందో చూసి, ఎక్కడ ఆపాలో పచ్చ చుక్క, ఎక్కడ దాటొద్దో ఎర్ర చుక్క గోళ్ల రంగుతో పెట్టుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. రేపు రిపేరు షెడ్డు మధుసూదన్ సారు రావల్కోల్ నుంచి నా పని చూడటానికి వస్తున్నాడు. తెర మీద గీత కదలకుండా నిలబడితే వాళ్ల షెడ్డులో పని నాది. లేకుంటే ఈ ప్యాకింగే నా గతి. ఏ చుక్క ఎక్కడో సాయంత్రం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

మేడ్చల్ పోయి గాజుల దుకాణంలో రెండు రంగులూ తే. యూత్ మీటింగు పిల్లలు ఎదురుపడినా సరే, నువ్వే నోరు తెరిచి అడుగు.

క్రిస్టీనా

వెనక మూత తీసే ఉంది. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది, చెయ్యి పెట్టకు. నిన్ను కొట్టాల్సింది నేను, అది కాదు.